డ్యూటీ బూట్లతో కొండెక్కొచ్చా?

విశాఖ మల్కాపురంలో చీలమండ దాటి పైకొచ్చే బూటు కొత్తేమీ కాదు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941లో ఈ పక్కనే ఓడల కట్టుబడి కేంద్రానికి పునాది వేసింది. సింధియా జంక్షన్‌కి ఆ పేరు అలా వచ్చిందే. 1957లో కాల్‌టెక్స్ వారి రిఫైనరీ వచ్చింది, అదే తర్వాత హెచ్‌పీసీఎల్ అయింది. డాక్‌యార్డు, గాజువాక అవతల స్టీల్‌ప్లాంటు సరేసరి. షిఫ్టు మారే వేళకి రోడ్డు మీద నిలబడితే నల్లటి బరువైన సేఫ్టీ బూట్లు గుంపులు గుంపులుగా నడిచిపోతుంటాయి. ఇంటి గుమ్మం దగ్గర చెప్పుల స్టాండులో అవి ఒక జత ఉండడం ఇక్కడ మామూలే.

వానలు తగ్గి చలి మొదలయ్యేసరికి ఆ ఇళ్ళలోని కుర్రాళ్ళు కొండల బాట పడతారు. దగ్గర్లో అయితే యారాడ కొండ, కంబాలకొండ. రెండు రోజులు సెలవు దొరికితే అరకు, లంబసింగి. మబ్బుల సముద్రం చూడాలంటే పాడేరు దగ్గరి వనజంగి, అదీ తెల్లవారుజామున చీకట్లో ఫోన్ లైటు పట్టుకుని ఎక్కాలి. బయల్దేరే ముందు అందరికీ వచ్చే సందేహం ఒకటే: కాళ్ళకి ఏం వేసుకోవాలి? ఎలాగూ ఉన్నాయి కదా అని డ్యూటీ బూట్లు వేసుకునేవాళ్ళున్నారు. వేలు పోసి ఎత్తు బూట్లు కొనేవాళ్ళున్నారు. మామూలు రన్నింగ్ షూతో వెళ్తామంటే "కాలు బెణుకుతుందిరా" అని ఇంట్లోవాళ్ళు ఆపేస్తారు. షాపులో అడిగితే "యాంకిల్ సపోర్టు ఉండాలండీ" అంటారు.

చీలమండని కప్పే బూటు చీలమండని కాపాడుతుందన్న ఈ నమ్మకం ఎంత బలమైందంటే, దాన్ని పరీక్షించి చూడాలన్న ఆలోచనే చాలామందికి రాదు. పరీక్షించినవాళ్ళున్నారు. వాళ్ళకి దొరికిన జవాబు తెలిస్తే చాలామందికి డబ్బు, శ్రమ రెండూ కలిసొస్తాయి. అందుకే ఈ వ్యాసం.

ముందు బెణకడమంటే ఏమిటో చూద్దాం. చీలమండ బయటివైపు గుండ్రంగా చేతికి తగిలేది ఫిబులా అనే సన్నటి ఎముక చివర. దాన్ని పాదం ఎముకలతో కట్టి ఉంచేవి మూడు లిగమెంట్లు. వాటిలో ముందువైపు ఉన్నది అన్నిటికన్నా బలహీనం. పాదం లోపలికి మడతపడినప్పుడు ముందుగా సాగేదీ, తెగేదీ అదే. కాలి ఎముకల మధ్య ఇరుక్కుని ఉండే టేలస్ అనే పాదం ఎముక ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది. పాదం పైకి వంగి ఉన్నప్పుడు దాని వెడల్పు భాగం రెండెముకల మధ్య బిగుసుకుని కీలు గట్టిగా నిలుస్తుంది. వేళ్ళు కిందికి వాలినప్పుడు సన్నటి భాగం వస్తుంది, కీలు వదులవుతుంది. కొండ దిగేటప్పుడు మనం పెట్టే అడుగు చాలాసార్లు ఈ రెండో రకమే. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త పడమని పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

రాయి అంచు మీద అడుగు పడిందనుకోండి. నేల నుంచి వచ్చే తోపుడు కీలు మధ్య నుంచి కాక ఓ పక్క నుంచి పోతుంది, పాదాన్ని తిప్పేస్తుంది. అడుగు పడ్డాక సుమారు సెకనులో పదో వంతు లోపలే పని అయిపోతుంది. దాన్ని అడ్డుకోవలసినవి పిక్క బయటివైపు ఉండే పెరోనియల్ కండరాలు. పాదం తిరగడం మొదలైన 60 నుంచి 90 మిల్లీ సెకన్లకి గానీ వాటికి చురుకు పుట్టదు, ఆ తర్వాత బలం పుంజుకోవడానికి ఇంకొంత సమయం కావాలి. అంటే జరిగాక స్పందించి ఆపడం చాలాసార్లు సాధ్యపడదు. అడుగు పడకముందే ఆ కండరాలు బిగిసి సిద్ధంగా ఉండాలి. నేల ఎలా ఉందో కళ్ళూ అరికాలూ ముందే కబురందించాలి.

ఇక బూటు సంగతి. ఎత్తు బూటు ఏమీ చెయ్యదని చెప్పడం తప్పు. 1995లో అమెరికాలో ఒట్టావియాని బృందం బాస్కెట్‌బాల్ షూల మీద కొలిచి చూసింది. చీలమండని కొంత కప్పే షూ వేసుకున్నప్పుడు, పాదం నేలకి సమంగా ఉంటే లోపలికి మడతపడకుండా ఆపుకునే శక్తి 29 శాతం పెరిగింది. వేళ్ళు కాస్త కిందికి వాలితే ఆ లాభం 20 శాతానికి పడిపోయింది. కీలు వదులుగా ఉండి సాయం ఎక్కువ కావలసిన భంగిమలోనే సాయం తగ్గిందన్నమాట.

ఇది ప్రయోగశాలలో కొలత. మైదానంలో ఏమవుతుంది? 1993లో బారెట్ తదితరులు కాలేజీల్లో బాస్కెట్‌బాల్ ఆడే 622 మందిని చీటీలు వేసినట్టు విడదీసి, కొందరికి ఎత్తు షూలు, కొందరికి పొట్టి షూలు, కొందరికి గాలి అరలున్న ఎత్తు షూలు ఇచ్చారు. బెణుకులు ఏ గుంపులోనూ చెప్పుకోదగ్గ తేడాతో రాలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1991లో, ఇజ్రాయెల్ సైన్యంలో చేరిన 390 మందిపై మిల్‌గ్రోమ్ బృందం చేసిన అధ్యయనం మన విషయానికి ఇంకా దగ్గర. వాళ్ళు పరుగెత్తింది చెక్క నేల మీద కాదు, సైనిక శిక్షణలో. కొందరికి సైనిక బూట్లు, కొందరికి మార్చిన బాస్కెట్‌బాల్ షూలు ఇచ్చారు. మొత్తం మీద 18 శాతం మందికి చీలమండ బెణికింది. బూటు రకాన్ని బట్టి తేడా కనబడలేదు. తేడా కనబడింది వేరే చోట: ఒంటి బరువూ ఎత్తూ ఎక్కువున్నవాళ్ళకి, అంతకు ముందు ఒకసారి కాలు బెణికినవాళ్ళకి ఎక్కువ బెణికింది.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ బెణకడం మన అందరికీ తెలిసిన సంగతే. లిగమెంటు వదులు కావడం ఒక కారణం. దాంతో పాటు ఆ లిగమెంటులో ఉండి, పాదం ఏ వాలులో ఉందో మెదడుకి చెప్పే నరాల చివర్లు దెబ్బతింటాయి. వాపు తగ్గి, నొప్పి పోయి, కాలు బాగైందనుకుంటాం. కబురందించే వ్యవస్థ మాత్రం ఇంకా కోలుకుని ఉండదు. దానికి మందు బూటు కాదు, సాధన. 2006లో అమెరికన్ హైస్కూలు పిల్లలు 765 మంది మీద మెగైన్, కీన్ చేసిన పరీక్షలో ఒంటికాలి మీద నిలబడడం లాంటి సమతూకపు వ్యాయామాలు చేసినవాళ్ళలో చీలమండ బెణుకులు 38 శాతం తగ్గాయి. అదే మెగైన్ 2011లో లేసులు బిగించి కట్టుకునే చీలమండ పట్టీలని పరీక్షించాడు. వాటివల్ల బాస్కెట్‌బాల్ పిల్లల్లో కొత్త గాయాలు మూడో వంతుకి పడిపోయాయి. మందుల షాపులో దొరికే అలాంటి పట్టీ ఖర్చు మంచి ట్రెక్కింగ్ బూటు ఖర్చులో చిన్న భాగం. పాత బెణుకు ఉన్నవాళ్ళు పొట్టి షూలో ఆ పట్టీ కట్టుకుంటే, మెత్తటి గుడ్డ కాలరున్న బూటు కన్నా ఎక్కువ రక్షణ దొరుకుతుందని నా అభిప్రాయం. షాపుల్లో 'మిడ్' పేరుతో అమ్మే చాలా బూట్ల కాలరు చేత్తో నొక్కితే మడతపడిపోతుంది. చేతికి మడతపడేది అరవై కిలోల మనిషి బరువుని ఆపుతుందా?

కాలరు నిజంగానే గట్టిగా ఉన్న బూటుదీ ఒక ఇబ్బంది. చీలమండ కట్టేసినట్టవుతుంది కాబట్టి అది చెయ్యవలసిన పని పైకి పోతుంది. ఎత్తుపల్లాల నేల మీద గట్టి బూట్లతో, మెత్తటి బూట్లతో నడిపించి చూసిన ఒక జర్మన్ అధ్యయనం 2010లో వచ్చింది. బిగువైన బూటులో చీలమండ కదలిక తగ్గి, అది ఇముడ్చుకోవలసిన అదురు కొంత మోకాలి మీద పడిందని అందులో తేలింది. దిగేటప్పుడు మోకాళ్ళు లాగేస్తున్నాయనే వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బరువు గురించి మాట్లాడాలి. ఇక్కడ లెక్క సులువు. తేలికైన పొట్టి షూ ఒక్కోటి 300 గ్రాముల దగ్గర తూగుతుంది. తోలు ట్రెక్కింగ్ బూటు, సేఫ్టీ బూటు ఒక్కోటి 600 గ్రాముల పైమాటే. తేడా 300 గ్రాములు. పది కిలోమీటర్ల నడకకి సుమారు 14,000 అడుగులు. ప్రతి అడుగుకీ ఆ 300 గ్రాములు ఎత్తి ముందుకి విసరాలి, మళ్ళీ ఆపాలి. 14,000 సార్లు ఎత్తిన ఆ అదనపు బరువంతా కలిపితే 4,200 కిలోలు. నాలుగు టన్నుల పైన.

ఒంటి మీద ఎక్కడ మోసినా బరువు బరువే కదా అనిపించొచ్చు. కాదు. నడుస్తున్నప్పుడు నడుము, వీపు దాదాపు ఒకే వేగంతో సాగిపోతాయి. పాదం అలా కాదు. ప్రతి అడుగుకీ పూర్తిగా ఆగి, మళ్ళీ మన నడక వేగం కన్నా చాలా ఎక్కువ వేగంతో ముందుకి ఊగి, మళ్ళీ ఆగుతుంది. ఆ ఊపుకీ ఆపుకీ ఖర్చయ్యేది మన శక్తే. 1969లో అమెరికా సైన్యపు పరిశోధకులు సోల్, గోల్డ్‌మన్ దీన్ని కొలిచారు. పాదాలకి కట్టిన ప్రతి కిలోకీ అయ్యే ఖర్చు, మన సొంత ఒంటి బరువులో ఒక కిలోని మోయడానికయ్యే ఖర్చుకి నడక వేగాన్ని బట్టి 4.2 నుంచి 6.3 రెట్లు ఉంది. 1984లో మరో బృందం షూలనీ బూట్లనీ పోల్చి, ఒక్కో పాదానికి 100 గ్రాములు పెరిగితే ఆక్సిజన్ వాడకం 0.7 నుంచి 1 శాతం దాకా పెరుగుతుందని చెప్పింది. మన 300 గ్రాముల తేడాకి అది రెండు, మూడు శాతం. గంట నడకకి ఇది లెక్కలోకి రాదు. అయిదారు గంటలు ఎక్కి దిగేవాడికి, చివరి గంటలో అలసిన కాలు తగినంత పైకి లేవక రాయికి తట్టుకునే వేళకి, లెక్కలోకి వస్తుంది. అలసటకీ బెణుకుకీ ఉన్న ఈ సంబంధం షాపులో ఎవరూ చెప్పరు.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అమ్మమ్మ అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు ఒంటరిగా నడిచేసింది. ఆమె కాళ్ళకి ఉన్నవి కాన్వాస్ షూలు, భుజాన ఉన్నది చేత్తో కుట్టుకున్న ఓ సంచి. దీన్నిబట్టి కాన్వాస్ షూ గొప్పదని కాదు. సంచి తేలికైతే కాలికి కావలసిన రక్షణ కూడా తగ్గుతుందని.

నా ఉద్దేశంలో బూటులో అన్నిటికన్నా ముందు చూడవలసింది కాలరు కాదు, కింద అట్ట. ఇది మన కొండల రాయి వల్ల ఇంకా నిజం. విశాఖ నుంచి అరకు, పాడేరు దాకా తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్ అనే రాయి. ఒడిశాలోని ఖోండు తెగ పేరు మీద దానికా పేరు పెట్టారు. లోపల గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలుంటాయి. ఈ రాయి ఎండకీ వానకీ తొందరగా శిథిలమై ఎర్రమట్టిగా, చిన్న చిన్న గులకగా రాలుతుంది. ఎండాకాలంలో గట్టి వాలు మీద ఆ పొడి గులక పరుచుకుని ఉంటే దాని మీద అడుగు, నేల మీద ఒలికిన కందుల మీద వేసిన అడుగులా జారుతుంది. వానాకాలంలో అదే మట్టి జిగటై బూటు అట్ట గాళ్ళన్నీ పూడ్చేస్తుంది. మన కొండల్లో కాలు మడతపడేది చాలాసార్లు ముందు జారడం వల్లే. జారకుండా ఆపేది అట్ట.

అట్ట విలువ ప్రపంచానికి తెలిసింది ఒక విషాదం వల్ల. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో పుంటా రసికా శిఖరం దగ్గర మంచు తుపానులో చిక్కుకుని విటాలే బ్రమానీ అనే పర్వతారోహకుడి తోటివాళ్ళు ఆరుగురు చనిపోయారు. ఆ రోజుల్లో కింద దారిలో మేకులు కొట్టిన బరువైన బూట్లు వేసుకుని, రాతి గోడ ఎక్కేటప్పుడు వాటిని వదిలి పల్చటి గుడ్డ అట్ట జోళ్ళలోకి మారేవారు. ఆ జోళ్ళు చలినీ ఆపలేవు, మంచు పట్టిన రాతి మీద పట్టునీ ఇవ్వలేవు. బ్రమానీ ఆ దుఃఖంలోంచి ఒక పని చేశాడు. రెండు చోట్లా పనికొచ్చే, లోతైన గాళ్ళున్న రబ్బరు అట్ట తయారుచేసి 1937లో పేటెంటు తీసుకున్నాడు. టైర్లు చేసే పిరెల్లీ కంపెనీ పెట్టుబడి పెట్టింది. తన పేరులోంచి, ఇంటిపేరులోంచి అక్షరాలు కలిపి అతను పెట్టిన పేరే విబ్రమ్. 1954లో ఇటలీ వాళ్ళు కే2 శిఖరం తొలిసారి ఎక్కినప్పుడు ఆ అట్ట మీదే ఎక్కారు. ఇవాళ ఎత్తు బూటుకీ పొట్టి షూకీ కూడా ఆ తరహా అట్టే వేస్తున్నారు. పట్టు కోసం బరువు మొయ్యాల్సిన రోజులు పోయాయి.

అట్ట చూసేటప్పుడు రెండు విషయాలు. బురద కోసం గాళ్ళు లోతుగా, ఎడంగా ఉండాలి. ఇరుకుగా ఉంటే మట్టి పట్టేసి వదలదు. తడి రాయి కోసం రబ్బరు కాస్త మెత్తగా ఉండాలి, గోటితో నొక్కితే కొద్దిగా లొంగాలి. అట్ట మందం కూడా మితంగా ఉండాలి. ఎంత ఎత్తు అట్ట మీద నిలబడితే, మడతపడినప్పుడు పాదాన్ని తిప్పే బలానికి అంత పొడుగు మీట దొరుకుతుంది. ఈ మధ్య వస్తున్న మెత్త దిండు లాంటి మందపాటి షూలు రోడ్డు మీద హాయిగా ఉంటాయి గానీ, రాళ్ళ దారిలో నేను సిఫారసు చెయ్యను.

ఇప్పుడు డ్యూటీ బూట్ల దగ్గరికి వద్దాం. అవి గొప్ప వస్తువులు, తమ పనిలో. మన దేశంలో సేఫ్టీ బూట్లకి ఐఎస్ 15298 ప్రమాణం ఉంది. దాని ప్రకారం ముందు టోపీ 200 జౌళ్ళ దెబ్బ ఓర్చుకోవాలి. ఇరవై కిలోల ఇనుప ముక్క మీటరు ఎత్తు నుంచి వేళ్ళ మీద పడితే వచ్చే దెబ్బ సుమారు అంత. వేళ్ళు మిగిలిన కార్మికులు ఎందరో ఆ టోపీకి రుణపడి ఉన్నారు. అయితే అదే టోపీ కొండ దిగేటప్పుడు శత్రువవుతుంది. వాలులో పాదం ముందుకి జారి వేళ్ళు ఆ గట్టి గోడకి వేల సార్లు కొట్టుకుంటాయి. గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి. టోపీ వెనక అంచు దగ్గర బూటు వంగదు, పాదమేమో వంగాలి. ఇక ఆ అట్ట చదునైన కర్మాగారం నేల మీద నూనెని పక్కకి తోసి నిలబడేందుకు చేసింది. దాని గాళ్ళు లోతు తక్కువ. ఎర్ర గులక మీద దాని పట్టు చాలదు. యారాడ రోడ్డు మీద షికారుకి ఫరవాలేదు. వనజంగికి వద్దు.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. సముద్రపు ఒడ్డున ఉండే మనకి అది మరీ ముఖ్యం. చాలా సేఫ్టీ బూట్లకీ, చాలా ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లకీ అట్టలో పాలీయురెథేన్ ఉంటుంది. షాపుల్లో పీయూ సోల్ అంటారు. వాటిలో పాలీయెస్టర్ రకంతో చేసినవాటికి ఒక బలహీనత ఉంది. గాలిలోని తేమ మెల్లగా లోపలికి వెళ్ళి ఆ పొడుగాటి అణువుల మధ్య ఎస్టర్ బంధాల్ని తెంచుతుంది. తెగిన చోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతా బంధాలు తెగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. అందుకే మొదట ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు, తర్వాత ఉన్నట్టుండి అట్ట బెల్లం అచ్చులా పొడిపొడి అవుతుంది. దీనికి వాడకంతో పని లేదు. బీరువాలో పెట్టినా జరుగుతుంది. వేడీ తేమా ఎక్కువైతే తొందరగా జరుగుతుంది. విశాఖలో రెండూ ఎక్కువే. పదిలంగా ఉంటుందని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెడితే లోపలి తేమ బయటికి పోక ఇంకా చెడుతుంది. నాలుగైదేళ్ళ కిందట కొని ఒకటి రెండుసార్లు వేసుకున్న బూట్లు కొండ మధ్యలో అట్ట ఊడి చేతికొస్తే కొన్నవాళ్ళు కంపెనీని తిట్టుకుంటారు. అది ఈ రసాయన చర్య పని. పాత జత బయటికి తీసినప్పుడు అట్ట పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్ళు కనిపించినా, పొడి రాలినా, జిగురుగా తగిలినా అది ఇక కొండకి పనికి రాదు. తేలిక షూలలో ఎక్కువగా వాడే ఈవీఏ నురగకి ఈ జబ్బు లేదు. అది వాడగా వాడగా అణిగిపోతుందే తప్ప ఇలా చీకిపోదు.

వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న బూటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దానికే ఎక్కువ డబ్బు తీసుకుంటారు. 1969లో రాబర్ట్ గోర్ టెఫ్లాన్‌ని సాగదీసి కనిపెట్టిన పొర ఈ బూట్లలో చాలావాటికి మూలం. దాని రంధ్రాల్లోంచి నీటి చుక్క లోపలికి రాదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. నిజమే. కానీ ఆవిరి దానంతటది పోదు. లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. పాదం దగ్గర 34 డిగ్రీల వేడిలో ఆవిరి నిండుగా ఉంటే ఒత్తిడి సుమారు 5.3 కిలోపాస్కల్స్. బయట 10 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న చలి దేశంలో అది 0.7 దగ్గర ఉంటుంది. తేడా 4.6. మన దగ్గర 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున బయటి ఒత్తిడి 3.6. తేడా 1.7 మాత్రమే. ఆవిరిని బయటికి తోసే శక్తి మూడో వంతుకి కాస్త ఎక్కువ మిగిలింది. ఆ బూటు యూరప్‌లో చేసే పని విశాఖలో చెయ్యలేదు. పాదం చెమటలో ఉడుకుతుంది.

తడిసిన చర్మం మెత్తబడి, మేజోడుతో ఘర్షణ పెరుగుతుంది. మడమ దగ్గర ఎముక ఒకవైపు, చర్మం ఒకవైపు లాగబడి, చర్మం లోపలి పొరలు విడిపోయి నీళ్ళు చేరతాయి. అదే బొబ్బ. నూలు మేజోళ్ళు చెమటని పీల్చి పట్టుకుని కూర్చుంటాయి. పల్చటి ఉన్నివో, పాలియెస్టర్ కలిసినవో మేలు. వనజంగిలో తెల్లవారుజామున మంచు పట్టిన గడ్డిలో జాలీ షూ తడుస్తుంది, నిజమే. నడుస్తుండగానే ఆరిపోతుంది కూడా. వాటర్‌ప్రూఫ్ బూటులోకి పైనుంచి నీళ్ళు పోతే సాయంత్రం దాకా ఆరదు. వాగులు దాటే మన దారుల్లో ఇది తరచూ జరిగేదే.

అసలు చెప్పులే లేకుండా నడిచేవాళ్ళ మాట? ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు ఎందరో భక్తులు ఉత్త కాళ్ళతో నడుస్తారు. ఏజెన్సీలో వారపు సంతలకి నెత్తిన మూటలతో ఉత్త కాళ్ళనో, రబ్బరు చెప్పులతోనో కొండలు దిగి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ పాదాల బలం చిన్నప్పటి నుంచి కట్టుకున్నది. కర్ణాటక తీరంలో రావు, జోసెఫ్ అనే వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ప్రచురించారు. బూట్లూ చెప్పులూ తొడిగే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8 శాతం మందికే ఉన్నాయి. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో కెన్యాలో ఉత్త కాళ్ళతో నడిచేవారి అరికాళ్ళు ఎంత మందంగా కాయకట్టినా స్పర్శ తగ్గలేదని తేలింది. మందపాటి బూటు అట్ట ఆ కబురుని ఆపేస్తుంది, కాయ ఆపదు. ఇదంతా చదివి రేపే చెప్పులు విప్పి కొండెక్కమని కాదు. ముప్ఫై ఏళ్ళు బూట్లలో పెరిగిన పాదానికి ఆ బలం ఒక్క రోజులో రాదు. ఇంట్లో, ఇసుకలో, పచ్చికలో నెలల తరబడి అలవాటు చెయ్యాలి. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఆ ప్రయత్నమే చెయ్యకూడదు.

ఎత్తు బూటు తప్పనిసరి అయ్యే సందర్భాలున్నాయి. మొదటిది పాములు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాట్లు ఎక్కువగా పడేది పాదం, చీలమండ, పిక్క మీదే. రక్తపింజర ఆకుల్లో కలిసిపోయి కదలకుండా ఉంటుంది, తొక్కేదాకా కనబడదు. నలిగిన దారి వదిలి పొదల్లోంచి, గడ్డిలోంచి వెళ్ళేవాళ్ళు, అటవీ శాఖ వాళ్ళు, మొక్కలు సేకరించే పరిశోధకులు, చీకట్లో దారి లేని చోట నడిచేవాళ్ళు మందపాటి తోలు బూటు వేసుకోవాలి. ఇక్కడ బరువు లెక్క చూసుకోకూడదు. ముళ్ళ కంపలకీ అదే జవాబు. పదిహేను ఇరవై కిలోల సంచితో రోజుల తరబడి నడిచేవాళ్ళకి గట్టి అట్టున్న బూటు అరికాలికి సుఖమిస్తుంది. ఇక మంచు శిఖరాల సంగతి వేరు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ ఎత్తులో వేసుకునే రెండు పొరల బరువైన బూట్లు వేళ్ళు చలికి గడ్డకట్టి చచ్చుబడకుండా ఉండడానికి, మంచులో గుచ్చుకునే ఇనుప పళ్ళు బిగించడానికి. వాళ్ళు తొలి శిక్షణ పొందిన భువనగిరి గుట్టకి ఆ బూట్లు అక్కర్లేదు.

కాబట్టి ఒక్క రోజులో వెళ్ళి వచ్చే, నలిగిన దారి ఉన్న, సంచిలో నీళ్ళూ తిండీ తప్ప బరువు లేని మన వనజంగి, కంబాలకొండ, అరకు నడకలకి నా తీర్పు ఇది: లోతైన గాళ్ళున్న రబ్బరు అట్టతో, పైన జాలీతో, తేలికైన పొట్టి షూ. మిగిలిన డబ్బుతో ఒక మంచి మేజోళ్ళ జత, ఒక చేతికర్ర. కర్ర మూడో కాలులా పనిచేస్తుంది. దిగేటప్పుడు మోకాలి మీద భారం తగ్గిస్తుంది, గడ్డిని కదిపి పాముని ముందే లేపుతుంది.

కొనడానికి సాయంత్రం వెళ్ళండి. రోజంతా నిలబడ్డ పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది, కొండ మీదా అంతే ఉబ్బుతుంది. కొండకి వేసుకోబోయే మేజోళ్ళే తొడుక్కుని వెళ్ళండి. పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు. షాపులో మెట్లు ఉంటే దిగి చూడండి. వేళ్ళు ముందుకి తగిలితే ఆ జత వద్దు, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. కొన్నాక బీచ్ రోడ్డు మీదో, కాలనీలోనో కొన్నాళ్ళు వాడిన తర్వాతే కొండకి తీసుకెళ్ళండి.

ఇక ఇదివరకు కాలు బెణికినవాళ్ళకి నా విన్నపం. ఏ జత కొన్నా సరే, ఈ రోజు నుంచే పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. పక్కన గోడ ఉండాలి. ముందు కళ్ళు తెరిచి, అలవాటయ్యాక కళ్ళు మూసుకుని. ఆరు వారాలు మానకుండా చేసి, అప్పుడు కొండకి బయల్దేరండి.